బోర్లేసిన బండ

వరంగల్ దగ్గర ఓ చిన్న రైల్వే ఊరికి నేను వెళ్లింది ఒక రాయి కోసం. పాత స్టేషన్ పేరు చెక్కిన నైజాం కాలపు బండ అది. టీకొట్టాయన చూపించిన ఇంటికి వెళ్తే, ఒక పెద్దమ్మ దాని మీద బట్టలు ఉతుకుతోంది.

"పాత స్టేషన్ కూలగొట్టినప్పుడు మట్టిల పడున్నది సారూ. మా ముసలాయన గ్యాంగ్‌మన్, ఎత్తుకొచ్చిండు," అంది చీరను బండకేసి బాదుతూ.

బండ నున్నగా ఉంది. ఒక్క అక్షరం లేదు. నాకు ఒళ్లు మండింది.

"అంత చరిత్రనీ సబ్బు పెట్టి అరగదీశారా అమ్మా!" అని అరిచాను.

ఆమె లోపలికి వెళ్లి గడ్డపార తెచ్చింది. ఇద్దరం కలిసి బండను తిరగేశాం. అంటిన బురదను కొంగుతో తుడిచింది. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, మూడింట్లోనూ ఊరి పేరు నిన్న చెక్కినట్టే ఉంది.

"నాకు సదువు రాదు సారూ. గని అక్షరాల మీద కాలు పడొద్దని బోర్లేయించిన," అంది.

ఫోటో కోసం ఫోన్ తీసి ముందుకు జరిగాను. ఆమె నా బూటు వైపు చూసింది.

"జర కాలు తియ్యి సారూ, అక్షరాల మీద ఉన్నది."