విత్తనాల కుప్ప ముందు నుంచి లేపకూడదు

ఆలుమగల కొట్లాట అద్దం మీద పెసరగింజ నిలిచినంతసేపే అంటారు. ఈ సామెత పుట్టించినవాడు ఎవడో గానీ, వాడి వీపున నాలుగు పడి ఉంటే ఇంకో రకంగా చెప్పి ఉండేవాడు. ఈ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఏడాది మా ఊళ్ళో దాన్ని నాకు చెప్పని మనిషి లేదు. పాలు పోసే ఆయన చెప్పాడు. కిరాణా కొట్టు ఆమె చింతపండు పొట్లం కడుతూ చెప్పింది. మా ఇంటాయన కూడా గొర్రెలకు నీళ్ళు పెడుతూ మొదలుపెట్టాడు గానీ, నా ముఖం చూసి పెసరగింజ దగ్గరే ఆగిపోయాడు.

మాది ముదిగుబ్బ అవతల చిన్న ఊరు. వాన పడితే పంట, లేకపోతే బెంగుళూరు బస్సు. బుడ్డలు, అంటే వేరుశనగ, తప్ప ఇంకోటి నమ్ముకోలేని నేల. ఎండలు ముదిరాక ఆడవాళ్ళకు విత్తనం బుడ్డలు ఒలిచే పని వస్తుంది. మిషన్లో వేస్తే పని తొందరగా అయిపోతుంది గానీ, పప్పు చీలుతుంది, పైపొర లేచిపోతుంది, అలాంటిది మొలవదు. అందుకే తినేదానికి మిషన్, విత్తేదానికి మా వేళ్ళు. మా ఇంటి ముందు రేకుల పంచ పెద్దది కాబట్టి, ఊళ్ళో పెద్ద రైతు తన మూటలన్నీ అక్కడే దించేవాడు. కుప్ప పోసుకొని, దాని చుట్టూ చాటలు పెట్టుకొని కూర్చునేవాళ్ళం. వేళ్ళు పనిలో ఉంటే నోళ్ళు ఊరికే ఉంటాయా? ఎవరి బోరు ఎండింది, ఎవరి కోడలు ఎదురు మాట్లాడింది, అన్నీ అక్కడే తేలేవి.

ఒకనాటి ఉదయం ఆమె వచ్చి మాతో కూర్చుంది. మా వెనక వీధిలో ఆటో నడిపేవాడి భార్య. వెంట కూతురు, రెండో తరగతి చదివే పిల్ల. సెలవుల్లో వీపుకు బడిసంచి ఏమిటా అని చూస్తే, అందులో బట్టలున్నాయి. తల్లి ఒక చెంప కమిలిపోయి ఉంది. ఏమైందని మేం అడగలేదు. అడిగి చెప్పించుకోవాల్సినంత రహస్యమేం కాదది. ఆమెకు అమ్మానాన్నలు లేరు. తనకల్లు దగ్గర ఉన్న అన్న ఒక పూట అన్నం పెట్టి, "సర్దుకోని పోమ్మా" అని బస్సెక్కించాడట. దిగి నేరుగా మా పంచకు వచ్చింది. నేను ఒక చాట ఆమె ముందుకు తోశాను. ఆమె ఒలవడం మొదలుపెట్టింది.

ఎండ ఎక్కకముందే మొగుడు వచ్చాడు. ఆటో అడ్డంగా నిలిపి, పంచలోకి వచ్చి, "లెయ్యే, ఇంటికి పా" అన్నాడు. ఆమె కదలకపోయేసరికి పిల్ల చెయ్యి పట్టుకొని లాగాడు.

మాలో అందరికంటే పెద్దది ఒక అవ్వ. పళ్ళు లేవు, చూపు సగమే, చేతులు మాత్రం మా అందరికంటే జోరు. ఆమె తల కూడా ఎత్తలేదు.

"ఇత్తనాల కుప్ప ముందర కూర్చున్న మనిషిని లేపకూడదప్పా. ఇత్తనం మొలకెత్తదు" అంది.

"ఎవురు చెప్పినారు?" అన్నాడు వాడు.

"మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పింది. ఏమ్మా, మీరు ఇనలేదా?"

"ఇన్నాం, ఇన్నాం" అన్నారు అందరూ. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నేను బుడ్డలు ఒలుస్తున్నాను, ఆ మాట ఏనాడూ వినలేదు. అయినా అందరికంటే గట్టిగా అరిచింది నేనే. "చిన్నబిడ్డను లేపితే ఇంకా దోషం" అని నా వంతు ఉప్పూ కారం కూడా వేశాను.

సరిగ్గా అప్పుడే పెద్ద రైతు తన విత్తనం ఎంతవరకు వచ్చిందో చూసుకుందామని బండి మీద వచ్చాడు. వాడు పోయి ఆయనతో మొరపెట్టుకున్నాడు. మా ఊరి మగవాళ్ళకు ఒక జబ్బుంది. సేద్యం సంగతి ఏదైనా సరే, తెలియదని చచ్చినా ఒప్పుకోరు. ఆయన మీసం దువ్వుకొని కాసేపు కుప్ప వైపు చూశాడు.

"నిజమేప్పా. మా జేజి గూడా చెప్తాండె. కుప్ప అయిపోనీ, అప్పుడు పిల్చకపో" అన్నాడు, వాళ్ళ నాయనమ్మను సాక్ష్యం పెట్టి.

వాడు మమ్మల్ని తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఊరి పెద్ద నోట వచ్చింది కాబట్టి అది కట్టుబాటు అయిపోయింది. కుప్ప ఉన్నంతకాలం తల్లినీ పిల్లనూ ఎవరూ లేపకూడదు. ఇంక మా పని ఏమిటో మాకు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. కుప్ప అయిపోకూడదు.

ఆ తర్వాత ఒలిచినంత నిదానంగా మేము ఎప్పుడూ ఒలవలేదు. ఒలిచిన పప్పునే మళ్ళీ ఏరాం, ఏరినదాన్నే చెరిగాం. కుప్ప తగ్గినట్టు కనిపిస్తే పక్క వీధి రైతుల మూటలు కూడా తెప్పించి పోయించాం. ఆమె, పిల్ల ఒక్కో ఇంట్లో కొన్నాళ్ళు పడుకున్నారు. ఒకరింట్లో ఉగ్గాని, ఒకరింట్లో సంగటి. పిల్లను మాత్రం పంచ దాటనిచ్చేవాళ్ళం కాదు. వీధిలో ఆడుకుంటుంటే ఆటోలో వేసుకొని పోతాడని భయం. మిగతా పిల్లలు రోడ్డు మీద పరుగులు తీస్తుంటే అది కుప్ప పక్కన కూర్చొని బుడ్డ పొట్టుతో ఇళ్ళు కట్టేది. కొట్టినవాడు ఊరంతా తిరుగుతాడు, దెబ్బలు చూసిన పిల్లకు జైలు!

వాడు ఊరికే ఉన్నాడనుకోకండి. ఫోను స్టేటస్‌లో పిల్ల ఫోటో పెట్టి, ఏడుపు పాట ఒకటి తగిలించి, నా బిడ్డను నాకు దూరం చేసినారని రాసుకున్నాడు. దాన్ని చూసి అయ్యో పాపం అన్నవాళ్ళు ఉన్నారు. నాకు చూపించి మరీ అన్నారు. ఆ బిడ్డ ఎదురుగానే వాళ్ళమ్మ తల గోడకు కొట్టినప్పుడు పాట ఏదీ పెట్టలేదా అని అడిగాను. ఆ రోజు నుంచి నాకు చూపించడం మానుకున్నారు.

ఆమెను అనంతపురం తీసుకుపోయింది నేనే. ఇలాంటి ఆడవాళ్ళ కోసం సర్కారు పెట్టిన కేంద్రం ఉందని మా అంగన్‌వాడీ ఆమె చెప్పింది. కుప్ప ముందు నుంచి ఎట్లా లేచిందని ఎవరైనా అడుగుతారేమోనని, ఆమె చాటను ఆమె చోటే పెట్టి, చాట ఉంటే మనిషి ఉన్నట్టే అని అవ్వ ఇంకో చట్టం చేసింది. అక్కడ వాళ్ళు మంచిగానే మాట్లాడారు, అర్జీ రాయించుకున్నారు, డాక్టరు దగ్గరికి పంపించారు. ఎడమ చెవి లోపల పొర చిరిగిపోయిందని, ఆ పక్క వినపడటం కష్టమని డాక్టరమ్మ చెప్పింది. మేం పిలిస్తే ఆమె ఒక్కోసారి పలక్కపోవడానికి కారణం దిగులనుకున్నాం ఇన్నాళ్ళూ. వాడు ఆమె జోలికీ బిడ్డ జోలికీ రాకుండా కోర్టు నుంచి కాగితం వస్తుందని, కొంచెం టైం పడుతుందని చెప్పారు. అంటే ఆ కాగితం వచ్చేదాకా మా కుప్ప నిలవాలి.

అప్పుడు వాన పడింది.

మా నేల మీద వాన కోసం ఎన్ని మొక్కులు మొక్కుతామో చెబితే మీరు నవ్వుతారు. ఆ మధ్యాహ్నం రేకుల మీద వాన దబదబా పడుతుంటే ఊరంతా వీధిలోకి వచ్చి తడిసింది. మేం మాత్రం కుప్ప చుట్టూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. వాన చూసి ఏడుపు రావడం నాకు బతుకులో అదొక్కసారే. పెద్ద రైతు తడుచుకుంటూ వచ్చి, "మంచి పదునైందమ్మా, రేపు పొద్దుగూకే లోపల ఇత్తల్ల, బిరీన ఒల్సండి" అన్నాడు. నేల పదును ఆరితే మళ్ళీ వాన ఎప్పుడో మాకూ తెలుసు.

ఆయన పోగానే నేను చాట పక్కన పెట్టేశాను. "బిడ్డను వాడికి ఇప్పించనని ఆ పెద్దాయన మాట ఇచ్చేదాకా ఒక్క కాయ ఒలిచేది లేదు" అన్నాను. సగం మంది నాతో ఉన్నారు. అవ్వ ఒప్పుకోలేదు.

"ఇత్తనాన్ని ఆపకూడదే. ఆ భూమి ఏం చేసింది?" అంది.

"ఇది కూడా నువ్వు పుట్టించిన కట్టుబాటేనా?" అని గయ్యిమన్నాను. ఆ కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చేతిలో ఉన్న పట్టును వదిలేసుకున్నామనే అనుకుంటాను. కానీ నేను అవ్వతో వాదిస్తుండగానే, తల్లీ పిల్లా ఇద్దరి బతుకు ఏ కుప్ప మీద ఆధారపడి ఉందో ఆ కుప్పను అందరికంటే ముందు గబగబా ఒలవడం మొదలుపెట్టింది ఆ తల్లే. నేనూ చాట మళ్ళీ ముందుకు లాక్కున్నాను. మరుసటి మధ్యాహ్నానికి కుప్ప అయిపోయింది. ట్రాక్టరు వచ్చి విత్తనం తీసుకుపోయింది. నేను పంచ ఊడ్చేశాను.

కోర్టు కాగితం తర్వాత వచ్చింది, ఆమె దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకుంది. అది లేనినాడు ఏం జరిగిందో చెప్పాలి.

విత్తిన మర్నాటి ఉదయం ఆటో వచ్చింది. వెనకే బండి మీద పెద్ద రైతు. మా ఇంటాయన వాళ్ళను చూసి గొర్రెలను దొడ్లోనే వదిలేసి, పరుగున పోయి ఆడవాళ్ళను పిలుచుకొచ్చాడు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పంచలో ఎవరి చోట్లో వాళ్ళు కూర్చున్నారు. ఖాళీ నేల, ఒళ్ళో ఖాళీ చాటలు. మధ్యలో తల్లీ పిల్లా.

"ఏంటికమ్మా కూర్చున్నారు? కుప్ప యాడుండాది?" అన్నాడు పెద్ద రైతు.

"లేదు" అన్నాను.

"మరి లెయ్యండి. ఇచ్చిన మాట ఇచ్చిందే. కుప్ప అయిపోయినాక పంపుతామంటిమి."

"లెయ్యం."

"కట్టుబాటు తప్పుతారా?" అని ఆయన గొంతు పెంచాడు.

అవ్వ అప్పుడు తల ఎత్తింది. "ఆ కట్టుబాటు నేను పుట్టించిందేప్పా. మీ జేజికి గూడా తెలీదు" అంది. మాకు నవ్వాగలేదు. ఆయన ముఖం కందగడ్డ అయింది. అవ్వ ఆగలేదు. "ఆ పొద్దు ఒకటి పుట్టిస్తి. ఈ పొద్దు ఇంగోటి పుట్టిస్తాండా, ఇనుకో. కొట్టే చేతికి బిడ్డను ఇయ్యకూడదు."

ఆయన అవ్వను చూశాడు, మమ్మల్ని చూశాడు. మరుసటి ఏడాది కూడా విత్తనం ఒలిచే చేతులు ఇవే కదా. "సేన్లో పనుండాది నాకు" అని బండి తిప్పుకొని పోయాడు.

మొగుడు ఒక్కడే మిగిలాడు. పంచ మెట్టెక్కి, ఆమె మీదికి వంగి ఎడమ చెవిలో ఏదో గొణిగాడు. మాకు వినపడలేదు గానీ, పిల్ల పోయి తల్లి వీపు వెనక దాక్కుంది. ఆమె లేవలేదు. మెల్లగా తల తిప్పి కుడి చెవి వాడి వైపు పెట్టింది. అన్ని రోజుల్లో ఆమె గొంతు అంత పెద్దగా వినడం అదే మొదలు.

"ఆ చెవి నువ్వే పగలగొట్టినావు. ఈ పక్క చెప్పు. గట్టిగా చెప్పు. అందరూ ఇంటాండారు."

వాడి చెయ్యి కొంచెం లేచింది. మేమంతా ఒక్కసారే లేచి నిలబడ్డాం. కూర్చునే ఉన్నది ఆమె ఒక్కతే. వాడు మెట్టు దిగాడు, ఆటో ఎక్కాడు, వెళ్ళిపోయాడు.

ఆటో చప్పుడు దూరమయ్యాక మేం కింద పడ్డ చాటలు తీసుకున్నాం. పిల్ల మెల్లగా తల్లి భుజం మీదుగా తల బయటికి పెట్టింది.

"మా, ఇంగ నేను లెయ్యొచ్చా?" అని అడిగింది.

"లెయ్యి. పోయి ఆడుకో" అంది తల్లి.

పిల్ల లేచి, గౌను దులుపుకొని, మెట్టు దిగి వీధిలోకి పరిగెత్తింది.