నేను వదిలేసిన చెయ్యి

1961లో నేను తోటపల్లి గూడూరులో బడిపంతుల్ని. ఆ ఏడు వరిచేని గట్టు మీద జారిపడి నా భార్య సుశీల తొడ ఎముక విరిగింది. నెల్లూరు ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. రెండు నెలలు మంచం దిగలేదు. రోజూ బడి అయ్యాక సైకిల్ మీద వెళ్లి, గంజి తాగించి, తల దువ్వి వచ్చేవాణ్ణి.

ఒక సాయంత్రం నర్సమ్మ, "ఈరోజు నడిపించండి పంతులుగారూ. నడుం చుట్టూ చెయ్యేసి గట్టిగా పట్టుకోండి" అంది. వరండా నిండా జనం. సిగ్గుపడుతూనే పట్టుకున్నాను. నాలుగడుగులు వేశామో లేదో, మా ఊరి పెద్దాయన ఒకరు ఎదురొచ్చారు. నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. సుశీల దబ్బున పడిపోయింది.

నొప్పికి కేక పెట్టింది. నర్సమ్మ పరుగున వచ్చి, "ఎట్లా పడ్డావమ్మా?" అని అడిగింది.

"నాకే కళ్లు తిరిగినాయి సిస్టరమ్మా. ఆయన పట్టుకోనే ఉండారు" అంది సుశీల, నొప్పికి పళ్లు బిగించి.

ఎక్స్‌రే తీసి, ఎముకకు ఏమీ కాలేదన్నారు. అందరూ వెళ్లాక సుశీల మెల్లగా, "రేపు ఎవరొచ్చినా వదలబాకండి" అంది.

వదల్లేదు. ఇంకో మూడు నెలలు ఆ వరండాలో అలాగే నడిపించాను. ఎవరు చూశారో నేను చూడలేదు. ఇన్నేళ్ల తర్వాత ఇప్పటికీ ఆమె కర్ర లేకుండానే నడుస్తోంది.

ఆనాడు చెయ్యి వదిలింది నేనని ఆమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అందుకే నేనే రాస్తున్నాను.