మల్లేశ్ సార్ నా ముందుకు జరిపిన కీబోర్డు

ఆగిపోయిన సర్వర్‌ను తిరిగి ఆన్ చేసినప్పుడల్లా లోపలి ఫ్యాన్లు ఒక్కసారిగా హోరెత్తి, కాసేపటికి నెమ్మదిస్తాయి. ఆ హోరు చెవిన పడితే నాకు మల్లేశ్ సార్ గుర్తొస్తారు. బహదూర్‌పురాలో ఒక మందుల షాపు పై అంతస్తులో ఆయన మాకు నెట్‌వర్కింగ్ నేర్పేవారు. ఇంటి వ్యాపారం పాలది. పొద్దున్నే కిషన్‌బాగ్‌లో బర్రెలు పిండి, వాడుక ఇళ్లకు పాలు పోసి, స్నానం చేసి క్లాసుకు వచ్చేవారు. అయినా పాల వాసన పోయేది కాదు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా ల్యాబులో నిజమైన రూటర్లు లేవు. ఇరవై ఉత్తుత్తి రూటర్లు ఒకే కంప్యూటర్‌లో నడిచేవి, తెర మీద బొమ్మల్లా కనిపించేవి. ఒకరోజు ఆ ల్యాబు మీదే మాకు ఉద్యోగ పరీక్ష పెట్టడానికి కంపెనీవాళ్లు వస్తున్నారు. ఆ ఉద్యోగం రాకపోతే మేనమామ బట్టల షాపులో కూర్చోవాలని ఇంట్లో తేల్చి చెప్పేశారు. వాళ్లు రావడానికి గంట ముందు ఒక రూటరు మొరాయించింది. నాకన్నా తెలిసినవాళ్లు లేరనుకుని, అన్నింటికీ కలిపి రీస్టార్ట్ కొట్టాను. ఇరవై ఒకేసారి లేవబోయాయి. కంప్యూటర్‌కు ఊపిరాడలేదు, తెర బిగుసుకుపోయింది.

క్లాసంతా లొల్లి. సార్ వచ్చి చూశారు. ఎవరు చేశారని అడగలేదు. నేనే చేశానని చెప్పాను.

“ఫికర్ జెయ్యకు బిడ్డా. బొమ్మలు పోతే పోయినయి, కమాండ్ లైన్ ఉన్నది గదా,” అంటూ తన టేబుల్ మీది కంప్యూటర్ నుంచి ఆ కంప్యూటర్‌లోకి వెళ్లి, అక్షరాలతో ఆదేశాలిచ్చే నల్లటి కిటికీ తెరిచి, కీబోర్డు నా ముందుకు జరిపారు.

“మీరే చెయ్యున్రి సార్, టైం లేదు.”

“నువ్వే చెయ్యాలె.”

నేను గబగబా స్టార్ట్ అని కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

“ఆగు. ముందుగాల ఏది నడుస్తుందో, ఏది పడ్డదో అడుగు. పొద్దుగాల నేను బర్రెను పేరు పెట్టి పిలుస్త, వీపు నిమురుత, అటెన్క గిన్నె పెడ్త. ఉరికొచ్చి పొదుగు మీద చెయ్యేస్తే తంతది. గిది గూడ గంతే.”

టైపు చేసి అడిగాను. వరుసగా జాబితా వచ్చింది. అన్నింటినీ ఆపి, ఒకదాన్ని లేపాను; కంప్యూటర్ ఫ్యాన్లు ఒక్కసారి హోరెత్తి నెమ్మదించాయి. ఆ రూటరు పలికాకే రెండోదాన్ని లేపాను. ఏడోది లేస్తుండగా కంపెనీవాళ్లు మెట్లెక్కి వచ్చేశారు.

“కూసోన్రి సార్, చాయ్ తాగున్రి. మా పిల్ల ల్యాబు లేపుతుంది,” అన్నారు ఆయన, అదేదో నాకు రోజూ ఉండే పనైనట్టు.

ఇరవయ్యోది పలికింది. వచ్చినవాళ్లలో పెద్దాయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు. “అన్నీ ఒకేసారి ఎందుకు స్టార్ట్ చెయ్యలేదమ్మా?” అని అడిగాడు.

“చేసిన సార్. గందుకే పడిపోయింది.”

అందరికన్నా ముందు మల్లేశ్ సారే పగలబడి నవ్వారు. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు ఏదో ఒక సర్వర్‌ను పడేస్తూనే ఉంటారు. ఎవరు చేశారని నేను అడగను. పడేసిన పిల్ల ముఖం చూస్తే తెలిసిపోతుంది. కీబోర్డు ఆ పిల్ల ముందుకే జరిపి, చాయ్ చెప్పి, ఫ్యాన్ల హోరు తగ్గేదాకా కుర్చీ వెనకే నిలబడతాను.