బండల సీమలో చెక్క నేల

రేగడిపల్లెలో వడ్రంగం చేసే వడ్ల మహానంది చేయి పడని ఇల్లు లేదు. కొత్త కోడలు దాటే గడపా ఆయన చేసిందే, ఆమె బిడ్డను పండబెట్టే ఉయ్యాలా ఆయన చేసిందే. ఆయన గొర్రుతో విత్తితే సాళ్లు దారం పట్టి గీసినట్టు వచ్చేవి. ఆయన బిగించిన బండి చక్రం నల్లమల ఎక్కి దిగినా కీచుమనేది కాదు. బనగానపల్లె మామిడితోటల ఆసాములు తలవాకిలి తలుపుల కోసం ఆయనకు కబురంపి, ఎప్పుడొస్తాడా అని కాచుకునేవాళ్లు. ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూల్లో ఆఫీసులు గుడారాల్లో నడిచినప్పుడు ఆ గుడారాల్లోకి బల్లలూ కుర్చీలూ చేసి బండ్లకెత్తించినాడు. ఇవన్నీ ఊరంతా చెప్పుకునేవే. ఊరు ఎప్పుడన్నా మరిస్తే ఆయనే గుర్తుచేసేవాడు. చేసిన పని చెప్పుకునేదానికి ఆయనకు మొగమాటం లేదు.

అయితే చుట్టుపక్కల ఊర్లలో ఆయన పేరెత్తితే ముందుగా గుర్తొచ్చేది గడపలూ కాదు, చక్రాలూ కాదు. రేగడిపల్లె చర్చిలో పరిచిన చెక్క నేల.

బేతంచెర్ల బండలు లారీల కొద్దీ ఊర్లకు పోయే సీమలో చెక్కతో నేలేందని ఎవరైనా అడుగుతారు. కారణం మట్టిలోనే ఉంది. చర్చి కట్టిన జాగా నల్లరేగడి. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. బలిపీఠం ముందర, జనం మోకాళ్లూని సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే చోట, బండలు ఏటా లేచేవి, పగిలేవి. ముసలోళ్లు తట్టుకొని పడేవాళ్లు. చర్చి పాస్టరు సుందరం అయ్యగారు ఇది చూసి చూసి, ఒకరోజు మహానంది కొట్టంలోకి వచ్చి కూర్చున్నాడు.

“మహానందప్పా, కింద రాతిగోడలు లేపి, వాటి మీద దూలాలేసి, పైన పలకలు పరిస్తే మట్టి ఎట్లా ఉబ్బినా నేల కదలదు. మద్రాసులో ఒక చర్చిలో చూసినాను. నువ్వు చేయగలవా?”

“చేయగలవా అని నన్నడుగుతాండారా అయ్యా? ఎప్పటికి కావల్లనో అది చెప్పండి.”

అయ్యగారు సంతోషంగా పోయినాడు. నిజానికి మహానంది చెక్క నేల అన్నది కంటితో చూసి ఎరగడు. ఆ సంగతి తెలిసింది పెండ్లాం ఓబులమ్మకు ఒక్కదానికే.

“చూడని పనికి మాటిచ్చినావా?” అనిందామె.

“చూసినోళ్లు చేస్తే గొప్పేముండాది?” అన్నాడు మహానంది.

బనగానపల్లెలో ఒక పాత మేడ పడగొడుతున్నారని తెలిసి, పోయి దాని టేకు దూలాలు తెచ్చినాడు. తాతల కాలంనాటి చెక్క. రంపం పెడితే కొత్త చెక్క మాదిరి వాసనేసింది. ఒక పలక అంచున గాడి తీసి, పక్క పలక అంచున నాలుక తీసి, ఒకదాంట్లో ఒకటి దూర్చినాడు. ఇనుప మేకు ఒక్కటి కొట్టలేదు, అన్నీ వెదురు సీలలే. నడుమ నల్లమద్ది చెక్కతో సిలువ పొదిగినాడు. వేలు పెట్టి రుద్దితే టేకు యాడ అయిపోయిందో, మద్ది యాడ మొదలైందో తెలిసేది కాదు.

చుట్టూ అంచుకు ఒక వరస బండ పరిచేదానికి బేతంచెర్ల నుంచి బొజ్జన్న వచ్చినాడు. రాతిపనిలో అతడూ పేరున్నోడే. మహానంది పలకల అంచుకూ బండ రావాల్సిన గీతకూ నడుమ పొడుగునా వేలెడు సందు వదిలిపెట్టి ఉండటం చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

“ఇదేందప్పా మహానందీ, తేళ్లకు ఇండ్లు కట్టిస్తాండావా? పలకలు చాలకపోతే చెప్పరాదూ, మా ఊరి బండ తెచ్చి పూడ్చుదుము.”

చూస్తున్న జనం నవ్వినారు. మహానంది మొగం ఎర్రబడింది. “నీ రాయి తెచ్చి నా పలకకు ఆనించు. వెంట్రుక దూరినా నన్నడుగు” అన్నాడు. వానాకాలానికని తలుపుకు సందు ఇడిచే మనిషే, ఆ పూట రోషంలో ఆ మాట అనేసినాడు. బొజ్జన్న ఆనించినాడు. నిజంగానే వెంట్రుక దూరలేదు. వచ్చే ఆదివారం బిషప్పు పెద్దయ్యగారు వచ్చి ప్రతిష్ఠ చేస్తాడని ఊరంతా చాటింపయింది. మహానంది పలకలకు రాసే అవిసె నూనె కోసం నంద్యాలకు మనిషిని పంపి, అది వచ్చేదాకా ఆ వారం ఇంట్లోనే ఉండిపోయినాడు.

శనివారం పొద్దున నూనె కుండతో చర్చిలోకి అడుగుపెట్టి, అట్లే నిలబడిపోయినాడు. నేల నడుమ బర్రె వీపు మాదిరి పైకి లేచింది. సిలువ ఆ మిట్ట మీద వంకరగా ఉంది.

చర్చిని చూసుకునే జీవమ్మ చీపురు పట్టుకొని మూలన ఏడుస్తాంది.

“ఏం చేసినావమ్మా?”

“ఏం చేసినా అన్నా? కొత్త నేల గదా, సందుల్లో పొట్టు ఉండాదని ఆడోళ్లమంతా వారం పొడుగునా కడిగినాం. బిందెలకు బిందెలు పోసినాం. నీళ్లు పోయకుండా నేల ఎట్ల శుభ్రమైతాది?”

బండ మీద నడిచి, బండ కడిగి పెరిగిన ఆడవాళ్లు. మహానంది నూనె కుండ కింద పెట్టినాడు. నీళ్లు పోయొద్దని చెప్పాలన్న ఆలోచన తనకూ రాలేదు.

సుందరం అయ్యగారు వచ్చి నేల చుట్టూ తిరిగి చూసినాడు. “రేపు పెద్దయ్యగారు వస్తాండారు. ఈ మిట్ట మీద ముసలోళ్లు ఎట్ల మోకరిస్తారప్పా? పలకలు తీసేసి పాత బండలే పరిపిద్దామా?” అన్నాడు మెల్లగా.

తీసేస్తే మళ్లీ ఎవరూ పరవనివ్వరు. వడ్ల మహానంది వేసిన నేల వారం కూడా నిలవలేదని బేతంచెర్ల దాకా చెప్పుకుంటారు. ఆయన కూర్చొని పలకలన్నీ తడిమి చూసినాడు. ఒక్కటి చీలలేదు, ఒక్క నాలుక విరగలేదు. ఉబ్బిన చెక్కకు పక్కకు జరిగే జాగా లేక పైకి లేచింది, అంతే. జాగా ఇయ్యాల్సింది రాయి.

బొజ్జన్న అయ్యగారి ఇంటి వసారాలో బండలు పరుస్తున్నాడు. మహానంది పోయి అతని ఎదుట నిలబడినాడు.

“బొజ్జన్నా, నీ రాయి వేలెడు కొట్టల్ల.”

“యాడ?”

“పలకల అంచు పొడుగునా.”

“అద్దం మాదిరి తీర్చిన వరసప్పా అది! ఆనించమన్నది ఎవురు?”

“నేనే.”

“గట్టిగా చెప్పు, ఇనపళ్లేదు.”

“నేనే అంటాండా గదా! ఆ సందు చెక్క ఉబ్బేదానికి ఇడిచింది. నువ్వు తేలు అంటివి, నాకు రోషమొచ్చె. చెప్పాల్సింది చెప్పకపోతి.”

బొజ్జన్న వక్కాకు ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు. “నా రాయి నాతోనే కొట్టిస్తాండావు. ఇంకెవడన్నా అయితే సుత్తి ఇసిరి కొడుదును” అంటూనే ఉలి, సుత్తి సంచిలో వేసుకొని లేచినాడు.

బొజ్జన్న ఒక కొసనుంచి రాయి కొట్టుకుంటూ పోతే, మహానంది వెనకే పలకకు గీటు పడకుండా తడక అడ్డం పెట్టుకుంటూ వచ్చినాడు. జీవమ్మ, మిగతా ఆడవాళ్లు రాతిపొడి ఎత్తిపోసినారు. నీళ్ల బిందె మాత్రం ఎవరూ ముట్టలేదు. చివరి బండ అంచు తెగినప్పుడు నేల గట్టిగా మూలిగింది. జనం వెనక్కి గెంతినారు. మిట్ట కొంచెం కొంచెంగా కిందికి దిగింది. మహానంది చెప్పులిడిచి పలకల మీదికెక్కి, అరికాలితో తడుముకుంటూ ఒక్కొక్క అడుగే వేసినాడు. లేచిన సీలలను కొయ్య కొడతితో దింపినాడు. బొజ్జన్న తెగిన అంచును మళ్లీ నూరి, ఆ సందును బలపంతో గీసిన గీత మాదిరి తిన్నగా తెచ్చినాడు. పలకల తడి ఆరినాక నూనె రాద్దామని తలుపులు బార్లా తెరిచి, వడగాలిని లోపలికి రానిచ్చినారు.

ఆదివారం పెద్దయ్యగారు ప్రార్థన చేసి ప్రతిష్ఠ చేసినాడు. జనం వరసగా వచ్చి మోకరించినారు. మహానంది, బొజ్జన్న వాకిట్లో నిలబడి చూస్తున్నారు. ఒక్కొక్కరు మోకాలు ఆనించినప్పుడల్లా మహానంది ఎక్కడన్నా కిర్రుమంటుందేమోనని మెడ చాపి వింటున్నాడు. ఆఖరి వరస దాకా చప్పుడు లేదు. ఆయన మెడ అప్పుడు గానీ వెనక్కి రాలేదు.

భోజనాల దగ్గర పక్కూరి సంఘం పెద్ద ఒకాయన వచ్చి, “మా ఊరి చర్చిలో కూడా ఇట్లాంటి నేల వేసిస్తావా మహానందప్పా?” అని అడిగినాడు.

“ఎందుకెయ్యను? సీమలో ఈ పని తెలిసినోణ్ణి నేనే గదా” అన్నాడు మహానంది. అని, విస్తట్లో అన్నం కలుపుతూ, “అంచు రాయి మాత్రం బొజ్జన్నదే. ఆయనొస్తేనే నేనొస్తా” అన్నాడు.

పక్కన కూర్చున్న బొజ్జన్న తల తిప్పి చూసినాడు.

“నన్నడిగితివా అప్పా, వస్తానో రానో?”

“ఇప్పుడడుగుతాండా. వస్తావా?”

“కూర ఇంకొంచెం ఏయమను. తిన్యాక చెప్తా.”