బీరువాలో అక్షరాలు

పర్చూరు దగ్గర మిరప కోతలకు వెళ్లే జయకుమారికి ఫెబా ఒక్కతే కూతురు. ఆ పిల్లకు చూపు లేదు. అట్టముక్కల మీద చింతగింజలు అతికించి, వాటిని తడిమించి తల్లే ఇంట్లో అక్షరాలు నేర్పింది.

ఇలాంటి పిల్లల కోసమే ఉబ్బెత్తు అక్షరాల పెట్టె ఊరి బడికొచ్చి రెండేళ్లయిందని మొన్న కోతలో ఉండగా జయకుమారికి తెలిసింది. కోత మధ్యలోనే వదిలేసి, మిరప ఘాటెక్కిన చేతులతోనే బడికి పోయింది. హెడ్మాస్టరు బీరువా తెరిచాడు. పెట్టె మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు.

"పిల్లలు పట్టుకుంటే పాడైపోతాయమ్మా. తనిఖీకొస్తే చూపించాలి కదా!"

జయకుమారి ఆ కవరును ఆయన ముందే పరపరా చించేసింది.

"నా పిల్ల చింతగింజలతో ఓనమాలు దాటింది. రెండేళ్లుగా మీరు బీరువాకే చదువు చెబుతున్నారుగా సార్, అదెన్నో తరగతికొచ్చింది?"