కోట పుస్తకంలో మా ఇంటాయన

ఆ రోజుల్లో మా కడప పల్లెల్లో పెళ్లయిన ఆడది మొగుడి పేరు పలికేది కాదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అత్త గట్టిగా చెప్పింది (ఎంత తగ్గుతుందో మాత్రం చెప్పలేదు). రేషన్ కార్డు రాసే గుమాస్తా అడిగినా, ఆసుపత్రిలో నర్సమ్మ అడిగినా పక్కనున్న ఎవరో ఒకరి చేత ఆ పేరు చెప్పించి గండం గట్టెక్కేదాన్ని. ఇప్పటి పిల్లలకు చెబితే పొట్ట పట్టుకుని నవ్వుతారు. నాకూ నవ్వే వస్తుంది. కానీ పంతొమ్మిదేళ్ల వయసులో, ఇంగ్లండులో ఒక కూలిన కోటలో, ఆ పేరు కోసం నేను పడ్డ అవస్థ పగవాళ్లకు కూడా వద్దు.

అప్పటికి మేమిద్దరం కువైట్‌లో ఉన్నాం. ఆయన నీళ్ల లారీ నడుపుతూ ఖైతాన్‌లో రొట్టెల అంగడి మీది గదిలో ఉండేవాడు. నేను రిగ్గైలో ఒక ఇంట్లో పని. శుక్రవారం శుక్రవారం ఆయన గేటు దగ్గరికి వచ్చి నిలబడితే పావుగంట మాట్లాడుకునేవాళ్లం. అదే మా కాపురం. ఆ వేసవిలో మా మామా, బాబా (ఇంటి యజమానురాలినీ యజమానినీ అక్కడ అట్లాగే పిలవాలి) పిల్లలతో సహా సెలవులకు ఇంగ్లండు పోతూ నన్నూ తీసుకుపోయారు. బాబా చదువుకునే రోజుల్లో చూసిన ఊరంట అది. ఒకే వీధి, ఒక చర్చి, ఒక అంగడి, మనుషులకంటే ఎక్కువ గొర్రెలు. విమానమెక్కి ఇంత దూరం వచ్చింది గొర్రెలను చూడటానికా, అవి మా ఊళ్లో లేవా అని నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది.

వారం తిరక్కముందే ఒక పొద్దున నేను టీ పట్టుకుపోయేసరికి మామా టీవీ ముందు నేల మీద కూర్చుని గుండెలు బాదుకుంటోంది. "ఏమైంది మామా?" అంటే "ఖలాస్! కువైట్ ఖలాస్!" అంది. ఖలాస్ అనే మాట నేను రోజూ వినేదే. బియ్యం అయిపోతే ఖలాస్, గ్యాస్ అయిపోతే ఖలాస్. దేశం అయిపోవడం ఏమిటో నాకు అంతు చిక్కలేదు. దేశమే అయిపోతే అందులోని ఖైతాన్ ఏమైనట్టు, రొట్టెల అంగడి ఏమైనట్టు, దాని మీది గదిలో ఉండే మనిషి ఏమైనట్టు? పెద్దపాప (మామా కూతురు, ఇంగ్లీషు బాగా వచ్చు) టీవీ చూపించి, ఇరాక్ సైన్యం వచ్చిందని చెప్పింది. ఫోన్ చేస్తే కూత కూడా లేదు. ఆయన బతికున్నాడా లేదా, అదొక్కటే నా తలలో గిర్రున తిరిగింది. అడగడానికి కూడా సిగ్గే. ఇల్లంతా ఏడుస్తుంటే నా మొగుడి సంగతి నేనెట్లా ఎత్తేది?

ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని బాబా మమ్మల్ని రోజూ కారులో ఎక్కించుకుని చుట్టుపక్కల పాత కట్టడాలన్నీ చూపించడం మొదలుపెట్టాడు. ఒకరోజు పైకప్పు లేని చర్చి, ఇంకోరోజు సగం గోడలే మిగిలిన కోట. దిగులు పోవడానికి కూలిపోయిన ఇళ్లు చూపిస్తారా ఎవరైనా? "ఎవరు కూలగొట్టినారు పాపా?" అని భయంభయంగా అడిగాను. "సైన్యం వచ్చి" అంది. గబుక్కున వెనక్కి తిరిగి చూశాను. ఇక్కడికీ వచ్చేసిందా? "ఎప్పుడు?" "చాలా వందల ఏళ్లయింది." అన్ని వందల ఏళ్లా, ఇంకా కప్పు వేసుకోలేదా అని అడిగితే మామా ఆ దుఃఖంలో కూడా ఒకసారి నావైపు వింతగా చూసింది.

ఆ కోట గుమ్మంలోనే ఒక బల్ల, బల్ల మీద లావుపాటి పుస్తకం, దారంతో కట్టిన పెన్ను. వెనక గడ్డి టోపీ పెట్టుకుని, రొమ్ముకు బిళ్ల తగిలించుకున్న ఒక ముసలామె. (ఆమెకు నేను టోపీ అవ్వ అని పేరు పెట్టుకున్నాను.) వచ్చినవాళ్లందరూ పేరూ ఊరూ రాసిపోతున్నారు. కువైట్‌లో నేను చూసినంతవరకు బిళ్లా లావు పుస్తకమూ ఉన్నవాళ్లంటే సర్కారే. ఇఖామా (ఆ దేశంలో ఉండనిచ్చే చీటీ) ఇచ్చేదీ వాళ్లే, ఆపేదీ వాళ్లే. సర్కారు తప్పిపోయినవాళ్ల కోసం పుస్తకం తెరిచిందని నాకు అర్థమైపోయింది! పెన్ను తీసుకుని తెలుగులో శుభ్రంగా రాశాను: "మా ఇంటాయన. ఖైతాన్. నీళ్ల లారీ. రొట్టెల అంగడి పైగది. దొరికితే దయచేసి తెలుపగలరు."

మరుసటిరోజు "మామా, కోట పోదాం" అన్నాను. ఆ మరుసటిరోజూ అన్నాను. "దీనికి చరిత్ర పిచ్చి పట్టింది" అంది మామా బాబాతో. పోయినప్పుడల్లా ఒక గుర్తు కలిపి రాసేదాన్ని. ఎడమ చెవి కింద మచ్చ. మనిషి పొడుగు. నవ్వితే ముందు పన్ను ఎత్తు. సంగటి లేకపోతే అన్నం తిన్నట్టుండదు.

నాలుగోసారి టోపీ అవ్వ పెద్దపాపను పిలిచి, ఇంత గుండ్రంగా ఉండే రాత తానెప్పుడూ చూడలేదనీ, వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాననీ, ఇంతకీ ఈ పిల్ల తమ కోటను ఏమని మెచ్చుకుందనీ అడిగింది. నేను అరబీలో చెప్పాను. పాప కళ్లు తుడుచుకుంది. ఎట్లాగో ఇంగ్లీషులో చెప్పింది. అవ్వ టోపీ తీసి బల్ల మీద పెట్టింది. అది సర్కారు పుస్తకం కాదు, కోట బాగుందో లేదో రాసే పుస్తకమని అప్పుడు తెలిసి నా తల తీసేసినట్టయింది. కానీ అవ్వ నా చెయ్యి వదల్లేదు. యుద్ధంలో తప్పిపోయినవాళ్లను వెతికేవాళ్లకు తాను రాస్తానంది. కువైట్‌కు టపా పోవడం లేదు కాబట్టి మా ఊరి చిరునామా రాసుకుంది. తర్వాత, ఆయన పేరు చెప్పమంది.

అలవాటుగా పక్కనున్నవాళ్లవైపు చూశాను, ఆ పేరు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

"యల్లా, తొందరగా చెప్పు!" అన్నాడు బాబా.

"అదీ... ఏడుకొండల మీద సామి ఉన్నాడే, ఆ సామి పేరు" అన్నాను. పాప దాన్ని అరబీలోంచి ఇంగ్లీషులోకి మార్చితే అవ్వ కాగితం మీద ఏదో రాసి, ఏడు అంకె వేసి, పక్కన కొండ బొమ్మ గీసి నాకు చూపించింది. "మొగుడి పేరు కూడా తెలీదా నీకు?" అని మామా తల పట్టుకుంది.

పలికితే ఆయుష్షు తగ్గుతుంది. పలక్కపోతే వెతికేవాళ్లే ఉండరు. అత్త మాట ఒక చెవిలో, టీవీలోని ట్యాంకుల మోత ఇంకో చెవిలో. అందరినీ అటు తిరగమన్నాను. బాబాతో సహా తిరిగారు, పాపం. గోడవైపు ముఖం పెట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, ఆ పేరు అరిచాను. కప్పులేని కోట దాన్ని మళ్లీ రెండుసార్లు అంది. పావురాలు లేచిపోయాయి. నేనన్నది ఒక్కసారే, మిగతా రెండూ గోడల లెక్క అని దేవుడికి అక్కడే దండం పెట్టి చెప్పుకున్నాను.

చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం టోపీ అవ్వ సైకిలు మీద రొప్పుతూ మా ఇంటికొచ్చింది. కోట చిరునామాకు తెలుగు జాబు! ఆయన లారీలోనే ఎడారి దాటి, ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరి, విమానంలో బొంబాయికొచ్చి ఇల్లు పట్టాడట. చేరేసరికి అవ్వ పంపిన కార్డు ఇంట్లో ఉందట. దాని మీద ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు, కింద కోట చిరునామా, వెనక కోట బొమ్మ.

"ఏం మే," అని రాశాడు, "నువ్వుండే ఇల్లు ఫొటోలో చూసినా. పైకప్పు గూడా ల్యాకుండా కూలిపోయిండాది. ఆడ గూడా బాంబులేసినారా? బడి అయివారు ఇంగిలీసు సదివి, నువ్వు బాగుండావని అంటాండాడు గానీ నేను నమ్మల్యా. మూన్నాళ్లు కూడు దిగల్యా. బతికుంటే ఒక ముక్క రాయి. కార్డులో నా పేరుండాది. నువ్వే సెప్పినావా? సెప్పినా ఏం కాల్యా లే, నేను బాగుండా."

ఆ చివరి మాట దగ్గర నేను బావురుమన్నాను. ఆయన మీద ట్యాంకులొచ్చాయని నేను ఇక్కడ, నా మీద కోట కూలిందని ఆయన అక్కడ తిండి మానేశాం. ఇద్దరికీ గోరంత గాయం లేదు. అవ్వకేమీ అర్థం కాలేదు, అయినా నాతో సమానంగా ఏడ్చింది.

ఇప్పుడాయనకు ఆ ఎత్తుపన్ను ఊడిపోయింది. మనవరాలు పేరు పెట్టి పిలిచి మీసం లాగినా పలుకుతాడు. కోట పుస్తకంలో మొగుణ్ని వెతుక్కున్న ఆ పిచ్చిపిల్ల ఎదురైతే దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది, ఆయన దొరికాడు కదా మరి. ఆ పేరు మాత్రం నేను రెండోసారి పలకలేదు. ఇక్కడా రాయలేదు, చూశారుగా. ఆయుష్షుతో పందేలెందుకు? మీకు ఎటూ తెలిసిపోయింది, మీరే ఒకసారి అనుకోండి.