మల్లమ్మ పాయసం మీద పడ్డ నింద

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నిజానికి నేను అబద్ధం కల్పించలేదు, తెలియదని తప్పించుకున్నానంతే. అదింత బరువుంటుందని నాకు తెలియదు. మీరెవరో నేనెరగను, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. జాలిపడకండి. నాకు ఏడుపు రావడం లేదు. కోపం వస్తోంది.

అప్పట్లో ఎల్‌బీ నగర్‌ లోపల మా కాలనీ కొత్తది. సగం ప్లాట్లలో ఇళ్ళు, సగం ప్లాట్లలో తుమ్మచెట్లు. మేమంతా గుంటూరు, కృష్ణా వైపు నుంచి ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళం. వీధి చివర మల్లమ్మ వాళ్ళ ఇల్లు. ఒకప్పుడు ఆ నేలంతా వాళ్ళ పొలమే. అది ప్లాట్లుగా పోయాక గేదెల కొట్టం మిగిలింది. కాలనీ అంతటికీ ఆవిడే పాలు పోసేది.

మా ఆయన ఒకసారి ఆబిడ్స్ హోటల్ నుంచి చైనీస్ నూడుల్స్ పొట్లం తెచ్చారు. మా పాప ఆ రుచి మరిచిపోలేదు. ఇంట్లో చేస్తే ముద్దయ్యేవి. చాలాసార్లు పాడుచేశాక కిటుకు దొరికింది. ముందే ఉడకబెట్టి, నూనె పట్టించి, బాగా ఆరనిచ్చి, ఆ తర్వాత పెద్ద మంట మీద క్యాబేజీ, సోయా సాస్, వెనిగర్ వేసి గబగబా తిప్పితే అచ్చం హోటల్లో లాగే విడివిడిగా వచ్చేవి. కాలనీలో అలా చేయగలిగింది నేనొక్కదాన్నే. ఆ గొప్ప నా తలకెక్కింది.

పాప పుట్టినరోజు నడివేసవిలో వచ్చింది. పిల్లలందరికీ నూడుల్స్ అని వీధంతా చాటాను. ముందురోజు మధ్యాహ్నమే ఉడకబెట్టి, బేసిన్‌లో మూతపెట్టి ఉంచాను. ఇంట్లో ఫ్రిజ్ లేదు. మర్నాడు మూత తీస్తే చేతికి జిగురు తగిలింది. పులిసిన వాసన. పారబోయాల్సింది. పారబోస్తే ఏం పెట్టను, ఉప్మానా? అంత చాటుకున్నాక ఉప్మానా? చన్నీళ్ళతో కడిగాను. వెనిగర్ ఇంకాస్త పోశాను. వాసన పోయింది. పిల్లలు ఎగబడి తిన్నారు. నేను మాత్రం ఒక్క పోగు కూడా నోట పెట్టలేదు. తెలియక చేశానని నన్ను నేను నమ్మించుకోబోయిన ప్రతిసారీ ఇక్కడే దొరికిపోతాను. తెలియకపోతే ఎందుకు తినలేదు?

మల్లమ్మ కూడా తన పిల్లల్ని తీసుకుని వచ్చింది. పాప కోసం గిన్నె నిండా సేమ్యా పాయసం కాచి తెచ్చింది. ఆమె పిల్లలు నూడుల్స్‌ని వింతగా చూసి వద్దన్నారు. పాయసమే తాగారు. మిగతా పిల్లలు రెండూ తీసుకున్నారు.

చీకటి పడేలోగా ఇంటింటా వాంతులు. మా పాపకీ. ఆటోల్లో మలక్‌పేట ఆసుపత్రికి పరుగులు. అదృష్టం కొద్దీ అందరూ కోలుకున్నారు.

మర్నాడు ఎదురింటి పెద్దాయన నలుగురిని వెంటేసుకుని మల్లమ్మ గుమ్మం ముందుకెళ్ళాడు. వెనకాల నేనూ వెళ్ళాను.

"గేదెల పేడ పక్కన కాచిన పాయసం పిల్లలకి పోస్తావా? బుద్ధుండక్కర్లా?" అని అరిచాడు.

"అయ్యా, మా పోరగాండ్లు గూడ గదే తాగిండ్రు. ఆళ్ళకేం గాలే," అంది మల్లమ్మ.

"మీకు అలవాటేలే. మా పిల్లలకి అలవాటు లేదు."

ఆ మాటకి ఒక్కరూ సిగ్గుపడలేదు. అందరూ చదువుకున్నవాళ్ళే, ఆఫీసర్లే! ఒక్కడికైనా నూడుల్స్ గుర్తు రాలేదే? ఎందుకొస్తాయి? నా మాట వాళ్ళ మాటలా ఉంటుంది, నా ఇంట్లో గచ్చు తళతళలాడుతుంది. ఇక నా వంట మీద అనుమానం ఎందుకొస్తుంది?

మల్లమ్మ నా వైపు తిరిగింది. "చెల్లె, నువ్వన్న చెప్పు. నీ ఇంట్లనే గద అందరు తిన్నది. నా పాయసంల ఏమన్న ఉండెనా?"

"ఏమో అక్కా, నాకెలా తెలుస్తుంది?" అన్నాను.

ఆమె నన్నొకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

కాలనీ ఆమె దగ్గర పాలు మానేసింది. కొన్నాళ్ళు పాలక్యాను పట్టుకుని గేటు గేటు దగ్గరా ఆగి, వెనక్కి వెళ్ళేది. మా గేటు దగ్గరా ఆగింది. "అందరూ మానేశాక మనం పోయించుకుంటే బావుండదు," అన్నారు మా ఆయన. నేను కాదనలేదు. ఆ ఏడే గేదెల్ని అమ్మేశారు. తర్వాత ఆ జాగా కూడా అమ్ముకుని మీర్‌పేట్ వైపు వెళ్ళిపోయారు. అక్కడెలా బతికారో నాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించనూ లేదు.

ఇప్పటికీ ఒళ్ళు మండే సంగతి ఇంకొకటుంది. పిల్లలు లేచి తిరగడం మొదలుపెట్టారో లేదో, ఎదురింటి పెద్దాయన భార్య వచ్చి నూడుల్స్ చెయ్యడం నేర్పమంది. నేర్పాను! వాళ్ళ వంటింట్లో నిలబడి నవ్వుతూ నేర్పాను. "ఎండల్లో మాత్రం ఉడకబెట్టినవి ఎక్కువసేపు ఉంచకండి పిన్నిగారూ," అని జాగ్రత్త కూడా చెప్పాను. ఆవిడకి అప్పుడైనా అనుమానం రాలేదు.

వాళ్ళని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను. ఇప్పటికీ తిడతాను. కానీ వాళ్ళకి నిజం తెలియదు. నాకు తెలుసు. ఆ గుమ్మం ముందు నిజం తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, మల్లమ్మ నన్నే అడిగింది.

మీరు క్షమిస్తానన్నా నేను ఒప్పుకోను. అది మీ చేతిలో లేదు. వింటే చాలు. ఆ పిల్లలు నా నూడుల్స్ తిని పడిపోయారు. మల్లమ్మ ఏ పాపమూ చెయ్యలేదు. ఇన్నాళ్ళకి ఈ మాట నా నోటి నుంచి బయటికి వచ్చింది.